సింగపూర్ ఫోను చవకేనా?

2023 సెప్టెంబర్ 22న ఐఫోన్ 15 వరుస ఫోన్లు సింగపూర్‌లోనూ మన దేశంలోనూ ఒకే రోజు అమ్మకానికి వచ్చాయి. సాదా ఐఫోన్ 15, 128 జీబీది, సింగపూర్‌లో 1,299 సింగపూర్ డాలర్లు. అప్పట్లో అక్కడి డాలరు దాదాపు 61 రూపాయలు కాబట్టి మన లెక్కలో 79 వేల పైచిలుకు. మన దగ్గర అదే ఫోను 79,900. సముద్రం దాటి కొన్నా ఏడు వందలు కూడా మిగలని బేరమిది. ఐఫోన్ 15 ప్రో సంగతి వేరు. సింగపూర్‌లో 1,649 డాలర్లు, అంటే లక్ష పైచిలుకు. మన దగ్గర 1,34,900. కంపెనీ ఒకటే, విడుదలైన రోజూ ఒకటే. ఒక ఫోనుకు తేడా లేదు, రెండోదానికి 34 వేలు తేడా!

'సింగపూర్ నుంచి వస్తున్నావుగా, ఒక ఫోను పట్టుకురా' అనే మాట సింగపూర్‌లో ఉండే తెలుగువాళ్లందరికీ అలవాటే. అక్కడ సామాన్లన్నీ చవకని మనకో నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంతో తేలాలంటే ముందు ఫోను ధరలో ఏముందో తెలియాలి. అందులో మూడు పాళ్లుంటాయి. మొదటిది వస్తువు ఖరీదు, రెండోది ప్రభుత్వాలు వేసే పన్ను, మూడోది అమ్మేవాడి ఎత్తుగడ. బిల్లు మీద మూడూ కలిసి ఒకే అంకెగా కనిపిస్తాయి. ఈ మూడింటినీ విడదీసి చూడటానికి సింగపూర్‌ను మించిన చోటు లేదు. మెమొరీ చిప్‌లు తయారయ్యేది అక్కడే, ఎలక్ట్రానిక్ సరుకు మీద సుంకాలు ఎత్తేయాలని ప్రపంచ దేశాలు ఒప్పుకున్నదీ అక్కడే, ఫోను కొనబోయి మోసపోయిన మనిషి కథ లోకమంతా పాకిందీ అక్కడి నుంచే.

సుంకం లెక్క

2023లో విదేశంలో తయారై మన రేవుకు చేరిన ఫోను విలువ 100 రూపాయలనుకుందాం. దాని మీద 20 శాతం కస్టమ్స్ సుంకం, ఆ సుంకం మీద పది శాతం సర్‌ఛార్జి, రెండూ కలిసి 22 రూపాయలు. అలా తేలిన 122 మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు మరో 22. రవాణా ఖర్చు, దుకాణదారు లాభం చేరకముందే వంద కాస్తా 144 అయింది. సింగపూర్‌లో అదే వంద మీద కస్టమ్స్ సుంకం సున్నా. అక్కడ సుంకం పడేది మద్యం, పొగాకు, మోటారు వాహనాలు, పెట్రోలియం ఉత్పత్తులు అనే నాలుగు రకాల మీదే. మిగిలింది జీఎస్టీ ఒక్కటే. అది 2023లో 8 శాతం, 2024 జనవరి 1 నుంచి 9 శాతం.

రెండు ఐఫోన్ల చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. సాదా ఐఫోన్ 15 తమిళనాడులోని శ్రీపెరంబుదూర్‌లో తయారైంది కాబట్టి పూర్తి ఫోను మీద పడే దిగుమతి సుంకం దానికి తగల్లేదు. ప్రో మాత్రం పూర్తిగా దిగుమతి సరుకు. ఆ 34 వేలలో పెద్ద వాటా మన రేవులోనే చేరింది. సింగపూర్ దుకాణదారు మనకు చేసిన ఉపకారం అందులో ఏమీ లేదు.

ఈ కథకు పాత మూలం ఉంది. 1996 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ తొలి మంత్రుల సమావేశం సింగపూర్‌లో జరిగింది. కంప్యూటర్లు, చిప్‌లు, టెలికాం పరికరాల మీద సుంకాలను సున్నాకు తేవాలని 29 దేశాలు అప్పుడు ఒప్పందం చేసుకున్నాయి. సమాచార సాంకేతిక ఒప్పందం పేరుతో పిలిచే దాంట్లో 1997లో భారత్ కూడా చేరింది. ఇరవై ఏళ్ల తరువాత, దేశంలో తయారీ పెరగాలన్న ఉద్దేశంతో మన ప్రభుత్వం ఫోన్ల మీద సుంకం మొదలుపెట్టింది. 2017 జులైలో 10 శాతం, అదే ఏడాది డిసెంబరులో 15, 2018 ఫిబ్రవరిలో 20. 1996లో స్మార్ట్‌ఫోన్లే లేవు, కాబట్టి అవి ఆ ఒప్పందం కిందికి రావని మన వాదన. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐరోపా సమాఖ్య, జపాన్, తైవాన్ వేసిన కేసుల్లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పులు ఆ వాదనను ఒప్పుకోలేదు.

సుంకం ఉద్దేశం కొంత నెరవేరిందనే చెప్పాలి. మన తిరుపతి పక్కన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం సుంకానికి ముందే, 2015లోనే, షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. సుంకం వచ్చాక దేశంలో అలాంటి కర్మాగారాలు పెరుగుతూ వచ్చాయి. 2024 జులై బడ్జెట్‌లో సుంకం 15 శాతానికి తగ్గింది. ఆ సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 16 ప్రో ధర 1,19,900 రూపాయలు, ముందటి ఏడాది ప్రో కంటే 15 వేలు తక్కువ. సింగపూర్‌లో 1,599 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు లక్షా మూడు వేలు. ముప్పై నాలుగు వేల తేడా ఒక్క ఏడాదిలో సగమైంది. సాదా ఐఫోన్ 16 అయితే మన దగ్గర అదే 79,900 కాగా సింగపూర్ ధర 83 వేలు దాటింది. రూపాయి విలువ తగ్గి సింగపూర్ ఫోనే ఖరీదైపోయింది.

టాబ్లెట్‌ది మరో దారి. అదీ తెర, చిప్, బ్యాటరీ ఉన్న పరికరమే అయినా కస్టమ్స్ పుస్తకంలో దాని చోటు కంప్యూటర్ల వరుసలో ఉంది. 1996 ఒప్పందం నీడ దాని మీద ఇప్పటికీ ఉంది కాబట్టి మన దేశంలో టాబ్లెట్ మీద కస్టమ్స్ సుంకం లేదు, జీఎస్టీ మాత్రమే. అందుకే సింగపూర్ నుంచి టాబ్లెట్ తెప్పించుకుంటే పెద్దగా కలిసిరాదు.

సింగపూర్‌లో పర్యాటకులకు జీఎస్టీ వాపసు ఉంది. ఆ పథకంలో ఉన్న దుకాణంలో కనీసం 100 డాలర్ల సరుకు కొని, పాస్‌పోర్టు చూపి, రెండు నెలల్లోపు చాంగీ విమానాశ్రయం నుంచి వెళ్తూ అడిగితే ఇస్తారు. అది ధరలో 9 శాతం కాదు. 109లో 9, అంటే 8 శాతం పైచిలుకు, అందులోనూ నిర్వహణ రుసుము పోతుంది. సింగపూర్‌లో ఉద్యోగ పాస్ మీద ఉంటున్నవాళ్లకు ఈ వాపసు రాదు. కొడుకును చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు తమ పాస్‌పోర్టు మీద తమ కోసం కొనుక్కున్నదానికి వస్తుంది. మన విమానాశ్రయంలో దిగాక మరో లెక్క ఉంది. 2016 బ్యాగేజీ నిబంధనలు 50 వేల రూపాయల విలువ దాకా మినహాయింపు ఇచ్చాయి. ఇలాంటి పరిమితులు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు చూసుకోవాలి. ఖరీదైన కొత్త ఫోను పరిమితిని దాటితే పైమొత్తం మీద సుంకం కట్టాల్సిందే. ఆ సుంకం కూడా కలిపి చూస్తే లాభం చాలాసార్లు ఆవిరైపోతుంది.

వుడ్‌ల్యాండ్స్‌లో పుట్టే మెమొరీ

ఇక వస్తువు సంగతి. ఫోను పెట్టె మీద రాసే గుణగణాల్లో ధరను అన్నిటికంటే సూటిగా పెంచేది స్టోరేజీ. 128 జీబీ, 256, 512... ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ పది వేలు, ఇరవై వేలు పెరుగుతాయి. ఆ స్టోరేజీ ఇచ్చే చిప్‌ను నాండ్ ఫ్లాష్ అంటారు. జపాన్ ఇంజనీరు ఫుజియో మసువోకా తోషిబాలో పనిచేస్తూ కనిపెట్టి, 1987లో లోకానికి చూపించారు. దాన్ని జేబులో పెట్టుకునే వస్తువుగా అమ్మిన తొలి సంస్థల్లో ఒకటి సింగపూర్‌కు చెందిన ట్రెక్. 2000లో జర్మనీ ప్రదర్శనలో అది తన 'థంబ్‌డ్రైవ్'ను చూపింది. ఇవాళ మైక్రాన్ సంస్థ ఫ్లాష్ తయారీలో పెద్ద భాగం జరిగేది కూడా ఆ దీవిలోనే, మలేసియాకు ఎదురుగా ఉన్న ఉత్తర కొసన, వుడ్‌ల్యాండ్స్ ప్రాంతంలో. ఆ సంస్థకు మన హైదరాబాద్‌లోనూ 2019 నుంచి పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది.

ఫ్లాష్ ఎలా గుర్తుపెట్టుకుంటుంది? అందులో కోట్లకొద్దీ సూక్ష్మమైన గదులుంటాయి. ప్రతి గదిలో కొన్ని ఎలక్ట్రాన్లను చుట్టూ విద్యుత్ నిరోధక పొర కట్టి బంధిస్తారు. కరెంటు పోయినా అవి కదలవు. అందుకే ఫోను ఆపేసినా ఫొటోలు అలాగే ఉంటాయి. రాయాలంటే ఎక్కువ వోల్టేజి పెట్టి, క్వాంటమ్ టన్నెలింగ్ అనే ప్రక్రియతో ఎలక్ట్రాన్లను ఆ పొర గుండా లోపలికి పంపుతారు. చెరపాలంటే బయటికి లాగుతారు.

మొదట్లో ఒక్కో గది ఒక్క బిట్టునే దాచేది: ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అని చూస్తే చాలు. తరువాత ఒకే గదిలో మూడు బిట్లు దాచడం నేర్చుకున్నారు. దానికి ఎనిమిది మట్టాలు గుర్తుపట్టాలి. గ్లాసులో పాలు ఉన్నాయో లేదో చెప్పడం తేలిక. ఎనిమిది గీతల్లో ఏ గీత దాకా ఉన్నాయో తప్పు లేకుండా చెప్పడం కష్టం. అందుకే మూడు బిట్ల గదుల్లో రాయడానికి సమయం ఎక్కువ, తప్పులు సరిదిద్దే గణితం ఎక్కువ, ఆయుష్షు తక్కువ. నాలుగు బిట్లయితే పదహారు మట్టాలు, ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఎలక్ట్రాన్లు పొర గుండా వెళ్లివచ్చిన ప్రతిసారీ ఆ పొర కొద్దికొద్దిగా అరిగిపోతుంది. మూడు బిట్ల గది వెయ్యి నుంచి కొన్ని వేల రాతలకే తట్టుకుంటుంది.

గదులను పక్కపక్కనే పేర్చితే చోటు చాలదు కాబట్టి పైకి పేర్చడం మొదలైంది. 2022 జులైలో మైక్రాన్ 232 పొరల ఫ్లాష్‌ను సింగపూర్‌లో పెద్ద ఎత్తున తయారుచేస్తున్నట్టు ప్రకటించింది. 300 మిల్లీమీటర్ల సిలికాన్ పళ్లెం మీద రెండు రకాల పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి వందలసార్లు పరుస్తారు. ఆ దొంతర మొత్తం గుండా పైనుంచి కిందదాకా, వంకర లేకుండా, సన్నని లోతైన రంధ్రాలు చెక్కుతారు. రంధ్రం గోడలకు పొరలు పూస్తారు. ప్రతి పొర దగ్గరా ఒక గది ఏర్పడుతుంది. రంధ్రం మధ్యలో కాస్త వంగినా, అడుగున ఇరుకైనా ఆ వరుస గదులన్నీ చెడినట్టే. ఫ్లాష్ తయారీలో చెమట పట్టించే పని ఇదే.

ఈ పనితనం ధరను ఎలా మారుస్తుందో చూడండి. ఆ చిప్‌లో చదరపు మిల్లీమీటరుకు 14.6 గిగాబిట్లు పట్టాయి. ఒక టెరాబిట్ పట్టే సిలికాన్ ముక్కకు, అంటే ఒక చిప్పకు, 70 చదరపు మిల్లీమీటర్లు చాలు, అంటే బొటనవేలి గోరు కంటే చిన్నది. ఒక టెరాబిట్ అంటే 128 జీబీ. ఫోనులోని స్టోరేజీ మొత్తం అలాంటి ఒక్క చిప్పలో ఇమిడిపోతుంది. ఒక పళ్లెం మీద అంచులు పోను వెయ్యికి కాస్త తక్కువ చిప్పలు వస్తాయి. పళ్లెం ఖర్చు దాదాపు స్థిరం కాబట్టి పొరలు పెరిగినకొద్దీ ఒక్కో జీబీ చవకవుతుంది.

అయితే 128 నుంచి 256కు పోతే పెరిగేది ఇలాంటి ఒక్క చిప్ప. ఐఫోన్ 15లో ఆ మెట్టుకు 10 వేల రూపాయలు, అమెరికాలో 100 డాలర్లు. అదే 2023లో ఏకంగా 1,000 జీబీ ఎస్‌ఎస్‌డీ 100 డాలర్ల లోపే దొరికింది. ఫోనులోది మరింత చిన్నది, తక్కువ కరెంటు తాగేది అనుకున్నా ఈ తేడాను తయారీ ఖర్చు ఒక్కటే తేల్చలేదు. తక్కువ స్టోరేజీది చూపి షాపుకు రప్పించి, ఎక్కువ స్టోరేజీ మీద లాభం తీసుకోవడం ఇక్కడ జరుగుతోంది. మూడో పాలు ఇదే, పైగా ఇదంతా బాహాటంగానే జరుగుతుంది.

మెమొరీ ఎప్పటికీ చవకవుతూనే ఉంటుందనీ అనుకోకూడదు. కృత్రిమ మేధను నడిపే డేటా కేంద్రాలు మెమొరీని ఎగబడి కొంటున్నాయి. వాటికి కావలసిన అధిక వేగపు మెమొరీని అమర్చే దాదాపు 700 కోట్ల అమెరికన్ డాలర్ల కేంద్రానికి మైక్రాన్ 2025 జనవరిలో సింగపూర్‌లోనే శంకుస్థాపన చేసింది. 2025 చివరికి ర్యామ్, ఫ్లాష్ రెండింటి ధరలూ బాగా పెరిగాయి. కొత్త ఫోను ఆలస్యంగా కొంటే తప్పక తగ్గుతుందన్న పాత లెక్క కొంతకాలం పనిచేయకపోవచ్చు.

పెట్టె మీద పెద్ద అంకెలు

కెమెరా 200 మెగాపిక్సెళ్లు అని రాస్తారు. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రాలోని సెన్సర్ అలాంటిదే. దాని ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రోమీటర్లు. ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యమే దాదాపు 0.65 మైక్రోమీటర్లు. కాంతి తరంగం కంటే చిన్న కిటికీ అన్నమాట! అంత చిన్న కిటికీలో పడే కాంతి చాలా తక్కువ. అందుకే వెలుతురు తగ్గితే ఫోను 16 పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది, చేతికొచ్చేది 12.5 మెగాపిక్సెళ్ల ఫొటో. రాత్రిపూట పెళ్లి ఊరేగింపు ఫొటో బాగుండాలంటే చూడాల్సింది సెన్సర్ పరిమాణం, లెన్సు ద్వారం.

ప్రాసెసర్ '3 నానోమీటర్లు' అంటారు. అది తరం పేరు. లోపల ట్రాన్సిస్టర్ల మధ్య దూరం 40 నానోమీటర్లకు పైనే ఉంటుంది. కొత్త తరం చిప్ అదే పని తక్కువ కరెంటుతో చేస్తుందన్నదే అందులో మనకు పనికొచ్చే మాట. సింగపూర్‌లో గ్లోబల్‌ఫౌండ్రీస్ 2023లో తెరిచిన 400 కోట్ల అమెరికన్ డాలర్ల కొత్త కర్మాగారం ఇంత సూక్ష్మమైన చిప్‌లు చేయదు. ఎవరూ ప్రకటనల్లో చెప్పని పాత తరాల చిప్‌లు చేస్తుంది. సిగ్నల్ అందుకోవాలన్నా, ఛార్జి ఎక్కాలన్నా అలాంటివే కావాలి.

బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అన్నది సగం లెక్కే. వోల్టేజితో, అంటే దాదాపు 3.85తో గుణిస్తే 19 వాట్‌అవర్లు వస్తాయి. శక్తి అంటే అదీ. పవర్ బ్యాంకుకూ ఇదే సూత్రం. 20,000 ఎంఏహెచ్‌ను 3.7తో గుణిస్తే 74 వాట్‌అవర్లు, విమానాల్లో మామూలుగా ఒప్పుకునే 100 లోపలే. అయినా 2025 ఏప్రిల్ 1 నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో పవర్ బ్యాంకు వాడటాన్ని నిషేధించింది. లిథియం సెల్లు అంటుకుంటే ఆర్పడం అంత కష్టం. వేడి వల్ల సెల్లు ఆయుష్షూ తరుగుతుంది. మండే ఎండలో కారు అద్దం దగ్గర ఛార్జింగ్‌కు పెట్టిన ఫోను, నీడలో ఛార్జి చేసినదాని కంటే ముందే ముసలిదవుతుంది.

ఇన్ని అంకెలు అరిచి చెప్పే పెట్టె, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో మాత్రం పెద్దక్షరాల్లో చెప్పదు. గూగుల్ పిక్సెల్ 8 నుంచీ, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 నుంచీ ఏడేళ్లు ఇస్తామన్నాయి. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం బ్యాటరీ 800 సార్లు ఛార్జి అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. అంకెల పోటీలో ముందు నిలవాల్సినవి ఇలాంటివి.

సిమ్ లిమ్ స్క్వేర్ నేర్పిన పాఠం

లిటిల్ ఇండియాకు నడిచే దూరంలో, రోచోర్ కాలువ పక్కన సిమ్ లిమ్ స్క్వేర్ ఉంది. 1980ల చివరి నుంచీ ఎలక్ట్రానిక్ సామాన్లకు పెట్టింది పేరు. 2014 నవంబరులో అక్కడి ఒక దుకాణంలో వియత్నాం నుంచి వచ్చిన ఒక కార్మికుడు ఐఫోన్ 6 కోసం 950 డాలర్లు కట్టాడు. కట్టాక కాగితం మీద సంతకం చేయించి, వారంటీకి ఇంకో 1,500 ఇమ్మన్నారు. ఇవ్వలేనంటే కట్టిన డబ్బంతా తిరిగివ్వలేదు. ఆయన మోకాళ్ల మీద పడి ఏడుస్తున్న దృశ్యం లోకమంతా చూసింది. ఆ దుకాణం యజమానికి మరుసటి ఏడాది 33 నెలల జైలు పడింది. 2016 డిసెంబరు నుంచి ఇలాంటి దుకాణాల మీద కోర్టుకు వెళ్లే అధికారం ఒక ప్రభుత్వ సంస్థకు వచ్చింది. అంతకు ముందే, 2012 సెప్టెంబరు నుంచి, కొన్న ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అమ్మినప్పుడే ఉన్నట్టు భావించే చట్టం అక్కడ ఉంది.

ఆ ఉదంతం చదువుతుంటే నాకు సింగపూర్ షిప్‌యార్డుల్లో, కట్టుబడి పనుల్లో చెమటోడ్చే మన తెలుగు కూలీలు గుర్తొస్తారు. ఆదివారం సెలవు రోజున లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డుకు వచ్చి, ఇంటికి పంపే డబ్బులోంచి కొంత తీసి, భార్యాపిల్లల ముఖం చూడటానికి ఫోను కొనుక్కుంటారు. వాళ్లకది విలాసం కాదు. ఆ నాలుగైదు వందల డాలర్ల వెనుక ఎన్ని ఓవర్‌టైములున్నాయో వాళ్లకే తెలుసు. ధరలో దాగిన మూడు పాళ్ల సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది వాళ్లకే. తెలిసినవాళ్లం చెప్పడం మన బాధ్యత.

కొనేముందు చేయాల్సినవి కొన్నే. ఆ ఫోను మన దేశంలో తయారవుతోందో లేదో చూడండి. తయారైతే సింగపూర్ ధరలో లాభం తక్కువ. పన్నుతో కలిపిన తుది ధర, వారంటీ ఏ దేశంలో చెల్లుతుందన్నది డబ్బు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. ఖాళీ కాగితాల మీద, చదవలేని ఒప్పందాల మీద సంతకం చేయకండి. స్టోరేజీ మీ అవసరానికి కాస్త మించి తీసుకోండి. ఫ్లాష్ నిండిపోతే పాత సమాచారం సర్దుకోవడానికి చోటులేక నెమ్మదిస్తుంది, త్వరగా అరుగుతుంది కూడా. ఆ తరువాత మొత్తం ఖర్చును అప్‌డేట్లు వచ్చే ఏళ్లతో భాగించండి. 80 వేల ఫోను ఏడేళ్లు నడిస్తే ఏడాదికి 11,400. 30 వేల ఫోను రెండేళ్లకే మూలపడితే ఏడాదికి 15 వేలు. నాలుగేళ్లు నడిచే 30 వేల ఫోను ఈ రెండింటి కంటే మేలు, ఏడాదికి 7,500 మాత్రమే. సింగపూర్‌లో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా, విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా ఈ భాగహారం మారదు.